ఇంటికి స్మోకర్ ఎంచుకోవడం: స్థలం కొలత నుంచి మొదటి వంట దాకా

“అన్నా, పెరట్లోకి స్మోకర్ కొందామనుకుంటున్నాం. ఏది తీసుకోమంటారు?” డాలస్ చుట్టుపక్కల ఎండలు ముదరకముందే ఈ ప్రశ్న మొదలవుతుంది. స్మోకర్ అంటే మాంసాన్ని పొగతో నెమ్మదిగా వండే పొయ్యి. అడిగేవాళ్ల దగ్గర అప్పటికే రెండు మూడు బ్రాండ్ల పేర్లు ఉంటాయి. నేను తిరిగి అడిగేది ఒక్కటే: శనివారం నాడు మంట దగ్గర ఎంతసేపు ఉండగలరు? దానికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం స్మోకర్లు జాబితాలోంచి వాటంతట అవే పోతాయి.

కింద చెప్పిన వరసలోనే చేసుకుంటూ పొండి. ముందు దశలు వదిలేసి నేరుగా దుకాణానికి వెళ్లినవాళ్లు ఏడాది తిరక్కుండానే స్మోకర్‌ను అమ్మకానికి పెట్టడం నేను చాలాసార్లు చూశాను. అమెరికాలో థర్మామీటర్లు ఫారెన్‌హీట్‌లోనే ఉంటాయి కనుక వేడి లెక్కలు అందులోనే ఇస్తున్నాను. ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ముఖ్యమైన చోట్ల సెల్సియస్ కూడా ఉంది.

1. ముందు స్థలం తేల్చుకోండి

గ్రిల్ మీద మాంసం నేరుగా నిప్పుల సెగకు కాలుతుంది, అరగంటలో పని అయిపోతుంది. స్మోకర్‌లో నిప్పు ఒక పక్కన ఉంటుంది, మాంసం ఇంకో పక్కన. 225 నుంచి 275 డిగ్రీల మధ్య, అంటే 107 నుంచి 135 సెల్సియస్‌లో, పొగతో కూడిన వేడిగాలి దాన్ని నెమ్మదిగా ఉడికిస్తుంది. కోడి కాళ్లకు రెండు గంటలు చాలు. పెద్ద బ్రిస్కెట్‌కు (గొడ్డు రొమ్ము మాంసపు ముక్క) 12 గంటలు దాటవచ్చు. అంతసేపు నిప్పు ఉండే చోటు గురించి ఆలోచించకుండా పొయ్యి కొనకూడదు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ముందు లీజు కాగితం తీసి చదవండి. అమెరికాలో చాలా నగరాలు పాటించే అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళి, అపార్ట్‌మెంట్లలో కలపలాంటి మండే సామగ్రితో కట్టిన బాల్కనీల మీద, అలాంటి గోడలకు 10 అడుగుల లోపు, బొగ్గుల పొయ్యి, మంట పొయ్యి వాడనివ్వదు. స్ప్రింక్లర్ల రక్షణ ఉన్నచోట మినహాయింపు ఉంది. కానీ లీజులు అంతకంటే కఠినంగా ఉండడం మామూలే. విడి ఇళ్లకు ఈ నిబంధన వర్తించదు. అయినా ఆ 10 అడుగుల దూరం మీ ఇంట్లోనూ పాటించండి. గోడలకు వినైల్ పలకలు ఉన్న ఇళ్లలో అవి సెగకే వంకర్లు తిరిగిపోతాయి.

గరాజ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. వాన పడుతోందనో, తలుపు పూర్తిగా తెరిచే ఉందనో నచ్చజెప్పుకోవద్దు. బొగ్గులు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. ఇంటి లోపలికి చేరిందని తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది.

స్థలం ఖాయం చేసుకునే ముందు చూడాల్సినవి:

☐ కాంక్రీటు, ఇటుక, రాయి లాంటి మండని నేల. చెక్క డెక్ అయితే కింద నిప్పుకు తట్టుకునే చాప తప్పనిసరి.
☐ పైన పాటియో కప్పు, చెట్టు కొమ్మలు లేవు.
☐ గాలి ఎక్కువగా ఎటునుంచి వీస్తుందో తెలుసు.
☐ పొగ పొరుగింటి కిటికీలోకి పోదు.
☐ కరెంటుతో నడిచేదైతే బయట వాడదగిన ప్లగ్ దగ్గర్లో ఉంది.
☐ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు చదివాను.

ఇందులో ఒక్కదానికైనా “లేదు” అన్నది జవాబైతే దాన్ని సరిచేసుకున్నాకే ముందుకు వెళ్లండి.

2. ఎంతమందికి, ఏ మాంసం?

దీపావళికి 40 మంది వస్తారని పెద్ద స్మోకర్ కొంటారు. మిగతా 51 వారాలు అందులో నాలుగు కోడి కాళ్లు కాల్చుకుంటారు. పెద్ద పొయ్యి కొద్దిపాటి వంటకు కూడా అంతే బొగ్గు తింటుంది. మామూలు శనివారం మీ ఇంట్లో ఎంతమంది తింటారో దానికి తగ్గట్టు కొనండి. పండగ రోజు రెండు విడతలుగా వండుకోవచ్చు.

వండిన మాంసం మనిషికి అర పౌండు చొప్పున లెక్కేసుకోండి. పక్కన పులావు, పెరుగన్నం ఉంటే అందులో మూడింట రెండు వంతులే సరిపోతుంది. బ్రిస్కెట్ కొవ్వు తీయడంలో, ఉడకడంలో దాదాపు సగం బరువు కోల్పోతుంది. 12 పౌండ్లది పెడితే చేతికొచ్చేది 6 పౌండ్లే.

జాలీల కొలత ఇలా ఊహించుకోండి. 18 అంగుళాల గుండ్రటి జాలీ మీద తొడతో సహా కోడి కాళ్లు ఆరేడు పడతాయి. పోర్క్ షోల్డర్ (పంది జబ్బ) ఒకటి హాయిగా పడుతుంది. మొత్తం బ్రిస్కెట్ పొడవు 18 అంగుళాలు దాటవచ్చు కనుక దాన్ని కాస్త వంచి ఇరికించాలి. బ్రిస్కెట్ తరచూ చేసేవాళ్లు 22 అంగుళాలది తీసుకోండి.

మేక మాంసం మన ఇళ్లలో ఎక్కువ. హలాల్ దుకాణంలో చెప్పకపోతే అలవాటుగా కూర ముక్కలు కొట్టేస్తారు. “కొట్టొద్దు, జబ్బ మొత్తంగా కావాలి” అని ముందే చెప్పండి. తొడలో కొవ్వు తక్కువ కాబట్టి పొగలో త్వరగా ఎండిపోతుంది. జబ్బలో కొవ్వు, కండరాల మధ్య తెల్లటి పొరలు ఎక్కువ. నెమ్మదిగా కరిగేవి అవే, రుచినిచ్చేవీ అవే.

3. మంటకు మీరిచ్చే సమయం ఎంత?

ఈ గైడులో అన్నిటికంటే ముఖ్యమైన దశ ఇది. ఒక్కో రకాన్ని, అది మీనుంచి ఎంత శ్రద్ధ కోరుతుందో దాన్నిబట్టి చెబుతాను.

3.1 ఆఫ్‌సెట్: పూర్తి సమయం కావాలి

పెద్ద పీపా, దానికి పక్కనే చిన్న పొయ్యి గది, రెండో చివర పొగ గొట్టం. కట్టె పేళ్లు వేసి మండిస్తారు. మధ్య టెక్సస్‌లో పోస్ట్ ఓక్ కట్టెతో చేసే బ్రిస్కెట్ రుచి ఇలాంటి పొయ్యిల నుంచి వచ్చిందే. ఆ రుచికి ఇంకో పొయ్యి సాటి రాదు, ఇది నా గట్టి నమ్మకం.

కానీ 30 నుంచి 45 నిమిషాలకు ఒక పేడు వేస్తూ ఉండాలి. మధ్యలో పిల్లల క్రికెట్ కోచింగ్‌కు వెళ్లొస్తానంటే కుదరదు. ఇనుము మందం కూడా ఉండాలి. పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల రేకుతో చేసినది వేడిని పట్టి ఉంచుతుంది, వందల పౌండ్ల బరువు, వెయ్యి డాలర్లు దాటిన ధర. 200, 300 డాలర్లకు దొరికే పల్చటి రేకు ఆఫ్‌సెట్‌లో గాలి వీచినప్పుడల్లా 50 డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. నేను మొదట కొన్నది అలాంటిదే. మూత చుట్టూ వేలు దూరేంత సందు. మూడు బ్రిస్కెట్లు పాడయ్యాక దాన్ని వదిలించుకున్నాను. మీరు ఆ డబ్బు పోగొట్టుకోకండి. మందపు ఆఫ్‌సెట్‌కు బడ్జెట్ లేకపోతే కింద చెప్పిన కెటిల్‌కో బుల్లెట్‌కో వెళ్లండి.

3.2 కెటిల్: మొదటి అడుగుకు నా సలహా

వెబర్ లాంటి 22 అంగుళాల కెటిల్ 200 డాలర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఇది గుండ్రటి గిన్నె, మూత ఉన్న బొగ్గు గ్రిల్లే, కానీ స్మోకర్‌గా మార్చుకోవచ్చు. బ్రికెట్లను (నొక్కి చేసిన బొగ్గు బిళ్లలు) అంచు వెంబడి పాములాగా పేర్చాలి: కింద రెండు వరసలు, పైన ఇంకో రెండు, మొత్తం చుట్టులో ముప్పాతిక భాగం. పైన కట్టె ముక్కలు అక్కడక్కడా పెట్టి, ఒక కొసన మాత్రం బాగా రాజుకున్న 8, 10 బ్రికెట్లు వేయాలి. నిప్పు పాకుతూ పోతుంది. ఆరేడు గంటలు 250 దగ్గర నిలుస్తుంది. గంటకోసారి చూస్తే చాలు.

లోటు ఏమిటంటే, నిప్పుకు దూరంగా ఉన్న చోటే మాంసానికి పనికొస్తుంది. ఆరుగురికి మించితే ఇరుకవుతుంది.

3.3 బుల్లెట్: కూర్చోబెట్టి వదిలే బొగ్గు పొయ్యి

నిలువు పీపా, అడుగున బొగ్గు, మధ్యలో నీళ్ల పళ్లెం, పైన రెండు జాలీలు. వెబర్ స్మోకీ మౌంటెన్ ఈ రకంలో అందరికీ తెలిసినది. 14, 18, 22 అంగుళాల సైజుల్లో వచ్చింది. రాజుకోని బొగ్గు నిండా పోసి, పైన కొన్ని ఎర్రటి నిప్పులు వేసి మొదలుపెడితే పై నుంచి కిందికి మెల్లగా అంటుకుంటూ పోతుంది. దీన్ని జిమ్ మినియన్ పేరు మీద మినియన్ పద్ధతి అంటారు. ఒకసారి నింపితే 8 నుంచి 12 గంటలు నడుస్తుంది.

నలుగురైదుగురున్న ఇంటికి, నెలకు రెండు మూడుసార్లు స్మోక్ చేసేవాళ్లకు 18 అంగుళాల బుల్లెట్‌ను మించినది నాకు కనబడలేదు.

3.4 పీపా పొయ్యి

200 లీటర్ల ఉక్కు డ్రమ్ముతో చేసేది. బొగ్గు అడుగున, మాంసం దానికి సరిగ్గా పైన. కొవ్వు బొట్లు నిప్పుల మీద పడి లేచే ఆవిరి కోడికి, రిబ్స్‌కు (పక్కటెముకలు) ఒక ప్రత్యేకమైన రుచినిస్తుంది. వేడి 275 నుంచి 300 మధ్య ఉంటుంది కాబట్టి పని త్వరగా తెములుతుంది. వంగి బొగ్గు సర్దలేనివాళ్లకు కష్టం.

3.5 కమాడో

గుడ్డు ఆకారంలో మందపాటి పింగాణీ మట్టి పొయ్యి. బిగ్ గ్రీన్ ఎగ్, కమాడో జో ఈ రకం. గోడలు మందంగా ఉండడం వల్ల కొద్దిపాటి బొగ్గుతో రాత్రంతా వేడి నిలుస్తుంది. చలి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. తందూర్‌లాగా 600 డిగ్రీల దాకా కూడా తీసుకెళ్లవచ్చు.

రెండు జాగ్రత్తలు. వేడి ఒకసారి లక్ష్యాన్ని దాటితే దిగిరావడానికి గంట పైనే పడుతుంది, అందుకే 30 డిగ్రీలు తక్కువ ఉండగానే గాలి తగ్గించాలి. మూత ఒక్కసారిగా ఎత్తితే లోపలికి దూసుకెళ్లిన గాలికి మంట ఎగసి చేతులు, కనుబొమ్మలు కాలుతాయి. రెండంగుళాలు ఎత్తి, కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు తెరవండి. బరువు 150 పౌండ్లు దాటుతుంది. కిందపడితే పగులుతుంది. ఏటా ఇల్లు మారేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

3.6 పెల్లెట్: తీరిక లేనివాళ్లకు

నొక్కిన రంపపు పొట్టు గుళికలను మోటార్ కొద్దికొద్దిగా నిప్పులోకి తోస్తుంది. వేడిని చిప్ చూసుకుంటుంది. ట్రేగర్ పేరు ఇందులో ఎక్కువగా వినిపిస్తుంది. రాత్రి పదింటికి పోర్క్ షోల్డర్ పెట్టి పడుకోవచ్చు. పొగ రుచి బొగ్గు పొయ్యి కంటే తేలిక. మసాలా ఘాటుగా వేసుకునే మన వంటకు ఇదొక్కోసారి మేలే చేస్తుంది కూడా.

పెల్లెట్లు గంటకు సుమారు 1 నుంచి 2 పౌండ్లు ఖర్చవుతాయి. తేమ తగిలితే ఉబ్బి మోటార్ స్క్రూలో ఇరుక్కుంటాయి. వాడాక డబ్బాలో వదిలేయకుండా తీసి, మూత బిగుతుగా ఉన్న బకెట్‌లో దాచండి. ఇళ్లు వేడి చేసే పెల్లెట్లు చౌకగా దొరుకుతాయి, అవి వంటకు పనికిరావు. కరెంటు పోతే వంట ఆగిపోతుంది, ఇది గుర్తుంచుకోండి.

3.7 ఎలక్ట్రిక్, గ్యాస్ అలమరాలు

చిన్న ఫ్రిజ్‌లా ఉంటాయి. సన్నటి చెక్క ముక్కలు వేసి వేడి పెట్టి వదిలేయడమే. చేపలకు, పనీర్‌కు, కోడికి బాగానే ఉంటాయి. ఎలక్ట్రిక్‌లో మంట ఉండదు కాబట్టి మాంసం అంచున కనిపించే గులాబీ రంగు చార రాదు, పైన నల్లటి పెచ్చు కూడా అంతగా కట్టదు. చాలా రకాలు 275 దగ్గరే ఆగిపోతాయి, దాంతో కోడి తోలు మెత్తగా సాగుతుంది. గ్యాస్‌ది ఇంకాస్త వేడెక్కుతుంది, కానీ గాలికి మంట ఆరకుండా కనిపెట్టుకోవాలి.

4. డబ్బు ఎలా పంచుకోవాలి

మొత్తం బడ్జెట్‌లో నాలుగో వంతు పొయ్యి కాని వాటికి పక్కన పెట్టండి. మూత మీది గడియారం లాంటి మీటరు 30, 40 డిగ్రీలు తేడా చూపడం మామూలే. దాన్ని నమ్మి వండితే ఎంత ఖరీదైన స్మోకరైనా వృథా.

పొయ్యితో పాటే కొనాల్సినవి:

☐ రెండు ప్రోబ్‌ల (వేడి కొలిచే కడ్డీల) డిజిటల్ థర్మామీటర్: ఒకటి జాలీ దగ్గర, ఒకటి మాంసంలో
☐ వెంటనే చదివే చేతి థర్మామీటర్
☐ బొగ్గు రాజేసే చిమ్నీ గొట్టం
☐ మోచేతి దాకా వచ్చే వేడి తట్టుకునే గ్లవ్స్
☐ వాన కవరు
☐ మూత ఉన్న ఇనుప బకెట్, బూడిదకు
☐ మంటలార్పే సాధనం, చేతికందే చోట

5. దుకాణంలో చేత్తో చూడాల్సినవి

బొమ్మలు చూసి ఆర్డర్ చేసినా, ఒక్కసారైనా దుకాణానికి వెళ్లి ఆ మోడల్‌ను ముట్టుకుని చూడండి.

ముందు మూత. ఎత్తి, మూసి, ఒక డాలర్ నోటు అంచున ఇరికించి లాగండి. నాలుగు వైపులా కాస్త పట్టు ఉండాలి. ఊరికే జారివస్తే అక్కడ పొగ కారుతుంది. తర్వాత ఫోన్ టార్చి వెలిగించి లోపల పెట్టి మూత మూయండి. ఎక్కడెక్కడ వెలుతురు కనిపిస్తుందో అక్కడంతా గాలి దూరుతుంది. సన్నటి సందులను వేడి తట్టుకునే గ్యాస్కెట్‌తో మూసుకోవచ్చు. రేకే వంకరగా ఉంటే వదిలేయండి.

ఇక గాలి మార్గాలు. ఇది ఎవరూ చూడరు, కానీ అసలు పట్టు ఇక్కడే ఉంది. కింది వెంట్లు పూర్తిగా మూసుకుంటున్నాయా? మూసుకోకపోతే వేడి తగ్గించలేరు, వంటయ్యాక నిప్పు ఆర్పలేరు, మిగిలిన బొగ్గంతా వృథాగా కాలిపోతుంది. చేత్తో కదిపితే కొద్దికొద్దిగా జరగాలి, బిగుసుకుపోకూడదు.

మిగతావి త్వరగా:

☐ జాలీ స్టెయిన్‌లెస్, పోత ఇనుము, లేదా గట్టి ఎనామిల్. గాల్వనైజ్డ్ వద్దే వద్దు, వేడెక్కితే జింక్ పొగ వస్తుంది.
☐ బూడిద మాంసాన్ని కదపకుండా తీయవచ్చు.
☐ కారిన కొవ్వు పోవడానికి దారి, గిన్నె ఉన్నాయి.
☐ బొగ్గు వేయడానికి మాంసం తీయాల్సిన అవసరం లేదు.
☐ కాళ్లు, చక్రాలు ఊగడం లేదు.
☐ విడిభాగాలు విడిగా దొరుకుతాయి.

6. బొగ్గు, కట్టె

బ్రికెట్లు ఒకే సైజులో ఉండి ఒకేలా కాలుతాయి. నేర్చుకునేవాళ్లకు అవే మేలు. ముక్క బొగ్గు వేడి ఎక్కువ, బూడిద తక్కువ. కమాడోకు అదే వాడాలి. ఇగ్నిషన్ ద్రవం కలిపిన బ్రికెట్లు ఏ స్మోకర్‌లోనూ వద్దు. మెల్లగా అంటుకుంటున్నంతసేపూ ఆ వాసన మాంసంలోకి దిగుతూనే ఉంటుంది.

కోడికి, చేపకు ఆపిల్, చెర్రీ. మేకకు, పోర్క్‌కు పెకాన్, హికరీ. బ్రిస్కెట్‌కు ఓక్. మెస్కీట్ ఘాటు ఎక్కువ, కొద్దిగా వాడండి. పిడికిలంత ముక్కలు మూడు నాలుగు చాలు. నీళ్లలో నానబెట్టొద్దు. నానిన కట్టె ముందు ఆవిరి వదులుతుంది, నిప్పును చల్లబరుస్తుంది, రుచికి చేసేదేమీ లేదు.

పైన్ లాంటి జిగురు చెట్లు, రంగు వేసినవి, ప్లైవుడ్, సరుకులు పేర్చే పాత చెక్క ప్యాలెట్లు, పచ్చి కట్టె, ఇవేవీ పొయ్యిలో పడకూడదు.

7. తెచ్చిన రోజు: మాంసం లేకుండా ఒక పూట

కొత్త పొయ్యిలో యంత్రాల నూనె, దుమ్ము ఉంటాయి. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన పద్ధతే ముందు పాటించండి. బొగ్గు, ఉక్కు పొయ్యిలకు సాధారణంగా వరస ఇది:

ఒకటి: జాలీలు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి.
రెండు: ఎనామిల్ లేని ఉక్కు అయితే లోపల వంటనూనె పల్చగా తుడవండి.
మూడు: థర్మామీటర్లు పరీక్షించండి. ఐసు నిండిన నీళ్లలో 32, మరిగే నీళ్లలో 212 చూపాలి. ఎత్తైన ఊళ్లలో నీళ్లు ముందే మరుగుతాయి. హైదరాబాద్‌లోనే అది సుమారు 98 సెల్సియస్.
నాలుగు: బొగ్గు రాజేసి 300 దగ్గర రెండు గంటలు ఖాళీగా నడపండి.
ఐదు: తర్వాత వేడి 250కి దించండి. పై వెంటు పూర్తిగా తెరిచే ఉంచి, కింది వెంట్లను మాత్రమే తిప్పుతూ ఒక్కో స్థానంలో 15 నిమిషాలు ఆగి, ఎంత చూపుతోందో కాగితం మీద రాసుకోండి.

ఈ ఐదో పని విసుగనిపిస్తుంది, చేయండి. మీ పొయ్యి స్వభావం మీకు తెలిసేది ఆ కాగితం వల్లే. ఇంకెవరి లెక్కా మీ పెరటి గాలికి సరిపోదు.

8. మొదటి వంట కోడి కాళ్లతోనే

మొదటిరోజే బ్రిస్కెట్ మీద చెయ్యి వేయొద్దు. తొడతో ఉన్న కోడి కాళ్లు చౌక, కొవ్వున్న మాంసం, పొరపాటును క్షమిస్తాయి.

ముందురోజు రాత్రి ఉప్పు, కారం, పసుపు, ధనియాల పొడి, మిరియాలు రుద్ది, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. తోలు ఆరుతుంది. పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించే అలవాటు ఇక్కడ పక్కన పెట్టండి. ఇంత తక్కువ వేడిలో ఆ ముద్ద కాలదు, తోలు మీద పిండిలా అతుక్కుని ఉండిపోతుంది. అల్లం వెల్లుల్లి కావాలంటే తోలు కింద రాయండి.

వరస:

☐ పొయ్యి 275కి వచ్చి 20 నిమిషాలు నిలిచింది.
☐ పొగ తెల్లగా దట్టంగా లేదు. సన్నగా, లేత నీలంగా ఉంది.
☐ మాంసం ఫ్రిజ్‌లోంచి నేరుగా జాలీ మీదికి వెళ్లింది.
☐ ప్రోబ్ తొడలో లావైన చోట ఉంది, ఎముకకు తగలడం లేదు.
☐ మొదటి గంట మూత తీయలేదు.

165 డిగ్రీలు, అంటే 74 సెల్సియస్, కోడికి భద్రత గీత. అంతకు తక్కువలో తీయకూడదు. కాళ్లు మాత్రం 175, 180 దాకా వెళ్తేనే ఎముక దగ్గర నమలడానికి బాగుంటాయి. చివరి 15 నిమిషాలు వెంట్లు తెరిచి వేడి 325కి పెంచితే తోలు కరకరలాడుతుంది.

వండాక బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. టెక్సస్ ఎండలో 90 దాటిన రోజైతే ఒక్క గంటే. బఫేలా గుడ్డ కప్పి సాయంత్రం దాకా వదిలేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, మానేయాలి.

రెండు మూడుసార్లు కోడి కుదిరాక మేక జబ్బకు వెళ్లండి. 250 దగ్గర మొదలుపెట్టి, లోపల 165 వచ్చాక రేకు కాగితంలో కొద్దిగా యఖ్నీ (మాంసం ఉడికించిన నీళ్లు) పోసి చుట్టి, 200 దాకా తీసుకెళ్లండి. ప్రోబ్ వెన్నలో దిగినట్టు దిగాలి. అరగంట చుట్టే ఉంచి, అప్పుడు విప్పండి.

9. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో ఉన్నవాళ్లకు

అమెరికా నుంచి వచ్చేవాళ్లతో పెల్లెట్, ఎలక్ట్రిక్ స్మోకర్ తెప్పించుకోకండి. అవి 120 వోల్టులకు చేసినవి, మన ఇళ్లలో 230. పెల్లెట్లు వంటకు తగినవి దొరకడం కూడా కష్టం. మంచి దారి రెండు: బొగ్గు కెటిల్ కొనడం, లేదా వెల్డింగ్ షాపులో డ్రమ్ము పొయ్యి చేయించడం.

చేయించేటప్పుడు కొత్త డ్రమ్ము, లోపల రంగు పూత లేనిది తీసుకోండి. రసాయనాలు నింపిన పాత డ్రమ్మును ఎంత కాల్చి కడిగినా నమ్మొద్దు. అడుగు దగ్గర చుట్టూ నాలుగు రంధ్రాలు, ఒక్కోటి 20 మిల్లీమీటర్లు, మూసే మూతలతో. బొగ్గు బుట్ట అడుగు నుంచి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో జాలీ. పై మూతలో పొగ దారి.

బొగ్గు తందూరీ హోటళ్లకు వేసేవాళ్ల దగ్గర అడగండి. మన సర్కారు తుమ్మ, టెక్సస్ మెస్కీట్ ఒకే ప్రజాతి చెట్లు. అందుకే ఆ కట్టె పొగ కూడా ఘాటే, కొద్దిగా వాడాలి. మామిడి, జామ ఎండు కొమ్మలు కోడికి, చేపకు నాకు చాలా నచ్చాయి. గన్నేరు విషం, దాని పుల్ల కూడా దగ్గరికి రానీయొద్దు. మేడ మీద పెట్టేట్టయితే గాలికి అడ్డంగా ఒక రేకు నిలబెట్టండి, నీళ్ల ట్యాంకుకు, కేబుల్ వైర్లకు దూరం చూసుకోండి.

10. తప్పులు, అప్పటికప్పుడు సర్దుకునే దారులు

మాంసం చేదుగా, కమురు వాసన. దట్టమైన తెల్ల పొగలో పెట్టారు, లేదా పై వెంటు మూశారు. వండుతున్నంతసేపూ పై వెంటు తెరిచే ఉండాలి. గాలి ఆడితే కట్టె శుభ్రంగా మండుతుంది. గాలి ఆడకపోతే మసి మాంసం మీద పేరుకుంటుంది.

వేడి పెరగడం లేదు. బూడిద గాలి దారి మూసేసి ఉంటుంది. పుల్లతో కదపండి. మూత తెరిచి చూస్తూ కూర్చుంటే ఇంకా చల్లబడుతుంది.

వేడి ఎక్కువైంది. కింది వెంట్లు ముప్పాతిక వంతు మూసి 15 నిమిషాలు ఆగండి. నిప్పుల మీద నీళ్లు చల్లొద్దు, బూడిద లేచి మాంసం మీద పడుతుంది, ఆవిరికి చేతులు కాలుతాయి.

లోపల 160 దగ్గర ఆగిపోయింది, గంటలు గడుస్తున్నాయి. పెద్ద ముక్కల్లో ఇది సహజం. మాంసం చెమటలా తేమ వదులుతూ తనను తాను చల్లబరుచుకుంటోంది. ఓపిక ఉంటే వేచి ఉండండి, అతిథులు వచ్చేస్తుంటే రేకు కాగితంలో చుట్టండి. మంట పెంచి తొందరపెట్టొద్దు.

పెల్లెట్ పొయ్యి వంట మధ్యలో ఆరిపోయింది. వెంటనే స్టార్ట్ నొక్కొద్దు. నిప్పు గిన్నెలో కుప్పపడ్డ పెల్లెట్లన్నీ ఒక్కసారిగా అంటుకోవచ్చు. ప్లగ్ తీసి, చల్లారనిచ్చి, గిన్నె ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టండి. మామూలుగా ఆపేటప్పుడు కూడా ప్లగ్ లాగకుండా, దానంతట అది ఆరే దాకా ఆగండి.

వైరు బ్రష్‌తో జాలీ గీకారు. తెగిన సన్నటి తీగ ముక్క తిండిలోకి చేరితే గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. రేకు కాగితం ఉండ చుట్టి రుద్దండి, లేదా సగం కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి వేడి జాలీ మీద రుద్దండి.

వంటయ్యాక అన్ని వెంట్లూ మూసేయండి. మిగిలిన బొగ్గు మళ్లీ పనికొస్తుంది. బూడిదను మర్నాడు కూడా చెత్తబుట్టలో వేయొద్దు. పైకి చల్లగా కనిపించినా నివురు కింద నిప్పు ఒకటి రెండు రోజులు దాగి ఉండగలదు. మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి తీసి, ఇంటికి, డెక్‌కు దూరంగా కాంక్రీటు మీద పెట్టి, పారేసే రోజున నీళ్లు పోసి కలిపి, చేత్తో తాకి చల్లగా ఉందని చూసుకున్నాకే సంచిలో వేయండి.